సావుకారి బండి పాట

సావుకారు పోయినప్పుడు మా బేండు వాయించలేదు.

బజారంతా నావైపు అదోలా చూసింది. చూడదా మరి? ఆయన చలవ వల్ల ఆరేడేళ్లు మా పన్నెండుమంది ఇళ్లలోనూ పొయ్యి ఆరలేదు. అలాంటి మనిషిని పాడె మీద తీసుకెళ్తుంటే బేండు మాస్టరు చేతులు కట్టుకుని ఊరికే నడుస్తాడేటి అని గజపతినగరంలో నలుగురూ అనుకున్నారు. కొందరు పైకే అనేశారు. నేనేం చేసేది? పోవడానికి పదిరోజుల ముందు మంచం దగ్గరికి పిలిపించుకుని ఆయనే చెప్పేడు.

"ఒరే మాస్టరూ, నాను పోతే మీరంతా రండి. వాయించకండి. బండి పాట రెండో వరసలో నీ క్లారినెట్టు అరస్వరం దిగిపోతాది. సచ్చినాక కూడా అది ఇనడం నా వల్ల కాదు."

ముప్పయ్యేళ్లుగా క్లారినెట్టు ఊదుతున్నవాణ్ణి పట్టుకుని చివరి రోజుల్లో అనే మాటేనా అది? ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి తలుపేసుకుని ఊది చూసుకున్నాను. దిగిపోతోంది. ఒంట్లో ఏదీ పనిచెయ్యని ఆ రోజుల్లో కూడా ఆ ముసలాయనవి పాముచెవులే. అందుకని ఊరికే నడిచాం.

ఆయనది ఇత్తడి కొట్టు. పాత బిందె తెస్తే తూచి తీసుకుని కొత్త బిందె ఇచ్చే వ్యాపారం. అలా పాత ఇత్తడి కోసమే ఓసారి విశాఖపట్నం హార్బరు దగ్గర ఓడల సామాను వేలానికి వెళ్లి ఓ గుట్ట పాడుకొచ్చాడు. గుట్టలో కొళాయిలు, గంటలు, లాంతర్లతో పాటు ఒక రేకు పెట్టె వచ్చింది. తెరిస్తే నిండా వీడియో కేసెట్లు. ఇటలీవీ, ఫ్రాన్సువీ, ఇంకా ఏ దేశానివో. అన్నీ పాత సినిమాలే. ఎండిపోయిన బయళ్లలో గుర్రాల మీద తిరిగే గెడ్డాలవాళ్లు, పాడుబడ్డ కోటలు, సమాధులు, కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగే ఆడవాళ్లు. ఇంకొకడైతే ఆ పెట్టె ఖాళీ చేసి బియ్యం పోసుకునేవాడు. ఈయన వెళ్లి వీసీఆర్ కొన్నాడు. లోకమంతా వీసీఆర్లు పాత ఇనుము వాడికి వేసేస్తున్న రోజుల్లో ఈయన కొన్నాడు.

ఇక అక్కణ్ణించి మధ్యాహ్నం రెండింటికి కొట్టు మూసి, వెనకనే ఉన్న ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. మిగతా సావుకార్లు ఆ వేళకి ఓ కునుకు తీస్తారు. ఈయన సినిమా చూస్తాడు. వారమంతా ఒకటే సినిమా, రోజూ మొదట్నించీ. అట్టల మీద పేర్లు చదవడం రాదు గనక తనే పెట్టుకున్నాడు. 'గుడ్డి గుర్రం', 'మేడ మీద ముసలిది', 'బండి సినిమా', ఇలాగ. వాళ్లావిడని మేమంతా సావుకారమ్మ అంటాం. ఊళ్లు తిరిగి తిరిగి తెల్లదెయ్యాలన్నీ తన నడిమింట్లో కాపురం పెట్టేయని, ఒక్కటీ ఒక్కరోజైనా పని సాయం చెయ్యదని ఆవిడ గోల.

ఆయన కథ చెప్తే వినాలి. మాటలు ఒక్క ముక్క అర్థం కావు కదా, కింద అక్షరాలూ ఉండవు. అయినా చెప్తాడు.

"అది మెట్లు దిగి వచ్చినాది. ఆడితో ఏదో అన్నాది. ఏటన్నాదో నాకు తెల్దు. ఆడూ ఏదో అన్నాడు. అదీ తెల్దు. అప్పుడు పేల్సీసినాది."

ఎందుకు పేల్చింది బాబూ అని అడిగితే, తెల్దని సెప్పలేదేటి అని కసిరేవాడు. పోనీ ఊహించుకుని చెప్పొచ్చు కదా అన్నామా, ఇక ఆ పూట మనకి మర్యాద లేదు. కళ్లతో చూసిందే చెప్పాలి, చూడంది కల్పించకూడదు, కథలో మోసం తూకంలో మోసం కంటే ఎక్కువ పాపం అనేవాడు. పక్క మందుల కొట్టాయన ఎవరికో 'గుడ్డి గుర్రం' కథ చెబుతూ ఆఖర్న గుర్రం బతికిందన్నాడు. ఆ ఒక్క మాటకి సావుకారు ఏడాది పాటు అతనితో మాట్లాడలేదు. తలనొప్పొస్తే పక్కకొట్టు దాటుకుని మాత్ర కోసం రైల్వే గేటు దాకా నడిచి వెళ్లేవాడు. ఆ నడకకి తలనొప్పి రెట్టింపయ్యేదని ఆయనే నాతో ఒప్పుకున్నాడు.

సినిమా ఒక ఎత్తు, దాని సంగీతం ఇంకో ఎత్తు. టీవీ పక్కన టేపురికార్డరు పెట్టి, సావుకారమ్మని వంటింట్లో గరిట కూడా కదపొద్దని చెప్పి, ఆ సంగీతమంతా టేపుల్లోకి ఎక్కించాడు. కొట్టులో అదే మోగేది. ఈలలు, గంటలు, చర్చిలో వాయించే హార్మోనీ లాంటిది ఒకటి, మధ్యలో ఓ ఆడమనిషి మాటల్లేకుండా రాగం తీసేది. పాట మధ్యలో బేరానికొస్తే వేలు పైకెత్తేవాడు. ఆ వేలు దిగేదాకా ఎవరైనా సరే నిలబడాలి. చంకలో బిందె పెట్టుకుని ఆడవాళ్లు వరసగా అలా నిలబడిపోయేవారు. కొత్తవాళ్లు చూసి ఏదో హారతి జరుగుతోందనుకుని చెప్పులు విప్పేసేవారు. నాకైతే పాట పెట్టినప్పుడల్లా ఒకటే మాట, "కళ్లు మూసుకుని సూడు" అని.

బిందె మీద వేలి ముడుకుతో కొడితే పగులుందో లేదో తెలుస్తుంది. ఇత్తడి వ్యాపారులందరూ కొడతారు. ఈయన కొట్టి, ఇది ఫలానా సినిమాలో ఫలానా చోటి గంట అనేవాడు. అలా కుదిరిన కంచు గంగాళం ఒకటి అమ్మకుండా అట్టే పెట్టుకున్నాడు. బొబ్బిలి నించి కూతురి సారెకని, అంటే పిల్లతో అత్తింటికి పంపే సామాను కోసమని వచ్చిన ఒకావిడ ఆ గంగాళమే కావాలని కూర్చుంది. ఇవ్వలేనమ్మా, అది మేడ మీద ముసలిదానిది అన్నాడట. ఆవిడ ఇంకేమీ కొనకుండా బస్సెక్కేసింది.

నేను ఆ కొట్టు అరుగెక్కింది సంగీతం కోసం కాదు. పని లేక. డీజేలు దిగిన కాలం అది. వేన్ నిండా పెట్టెలు పేర్చుకుని వచ్చి గుండెలదిరేలా మోగిస్తుంటే ఇక మా బాకాలు ఎవడిక్కావాలి? పెళ్లిళ్ల రోజుల్లో కూడా ఇంట్లో కూర్చుంటే పెళ్లాం చూసే చూపు భరించలేక ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. నాలుగైదు రోజులు వరసగా ఒకటే పాట విన్నాను. ముందు ఒక్క గంట మోగుతుంది. తరవాత ఈల. ఆ పైన ఆ ఆడమనిషి గొంతు లేస్తుంది, మనింట్లో ఎవరో దూరమైపోతున్నట్టు. ఉండబట్టక సంచీలోంచి క్లారినెట్టు తీసి నెమ్మదిగా కలిపాను. సావుకారు వేలెత్తాడు. ఆపమంటున్నాడనుకుని ఆపాను. ఆపమన్నది ఎవడు నిన్ను అని తిట్టాడు.

ఆ నెలంతా మా బేండుకి ఆయనే గురువు. మేం పొద్దున్నే వెళ్లేవాళ్లం, కడుపు నిండా చీవాట్లు తిని వచ్చేవాళ్లం. నన్ను ఊదుతున్నావా పొయ్యి రాజేస్తున్నావా అనేవాడు. ట్రంపెట్టు వాడికి పెదాలా చెప్పు అట్టలా అనేవాడు. గంట కోసం మాకు రెండు ఇత్తడి చెంబులు ఏరి ఇచ్చాడు. పాట పూర్తిగా వచ్చిన రోజున మెచ్చుకుంటాడని చూశాం. ఇంటికెల్లండి, అన్నాడు.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. పెళ్లిలో బేండుకి అసలు పరీక్ష ఊరేగింపు కాదు, అప్పగింతలు. పిల్లని అత్తింటివాళ్ల చేతిలో పెట్టి కారెక్కించే వేళ జనం ఏడవాలి. ఏడిపించలేని బేండు మా వైపు బేండే కాదు. పాత పాటలన్నీ డీజేలు అరగదీసేశాయి. ఒక పెళ్లిలో ఎంత ఊదినా ఎవరి కన్నూ తడవలేదు. పెళ్లికూతురే వీడియో వాడికి నవ్వుతూ ఫోజిస్తోంది. పరువు పోయేలా ఉందని మావాళ్లకి సైగ చేసి సావుకారి పాట ఎత్తుకున్నాను. రెండో వరసకి పెళ్లికూతురి తల్లి భోరుమంది. తండ్రి స్తంభం పట్టుకున్నాడు. ఆఖరికి పెళ్లికొడుకు కూడా ఏడ్చాడు, ఎందుకో వాడికే తెలియదు.

ఆ తరవాత మా దశ తిరిగింది. డీజే పెట్టించినవాళ్లు కూడా అప్పగింతలకి మమ్మల్ని పిలిచేవారు. "ఆ ఏడుపు పాట ఉండాల" అని తాంబూలంతో పాటే చెప్పేసేవారు. సావుకారికి ఈ సంగతి చెప్పాను. ఏ ఘట్టానికి వాయిస్తున్నావని అడిగాడు. అప్పగింతలకి అన్నాను. తాగుతున్న మజ్జిగ పొలమారి ముక్కులోంచి వచ్చింది. అది ఏ సీనుదో తెలుసా అని అడిగాడు. తెలిస్తే ఇక ఊదలేనేమోనని నేను చెవులు మూసుకున్నాను. కానీ సావుకారమ్మ వంటింట్లోంచే చెప్పేసింది, అది పిల్ల శవాన్ని పెట్టెలో పెట్టి బండి మీద పంపేటప్పటిది నాయినా అని. 'బండి సినిమా' అంటే ఆ బండి అన్నమాట.

తెలిశాక మానేశానా? మానలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. పన్నెండు కుటుంబాలు. ఎవడికి తెలుస్తుంది లే అనుకున్నాను. మనసులో మాత్రం ప్రతి పెళ్లికీ ఆ పిల్ల చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుని ఊదేవాణ్ణి.

ఫోన్లలో నెట్టు చవకైన ఏడాది నా పాపం పండింది. మా ఊళ్లోనే ఒక బియ్యం వ్యాపారి కూతురి పెళ్లి. పెళ్లికొడుకు వాళ్లది ఆమదాలవలస. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, అప్పగింతలు మొదలయ్యాయి, మేం పాట ఎత్తుకున్నాం, ఏడుపులు బ్రహ్మాండంగా సాగుతున్నాయి. పెళ్లికూతురు కారులో ఒక కాలు పెట్టింది. అప్పుడు పెళ్లికొడుకు అక్క మొగుడు ముందుకొచ్చాడు. విశాఖలో ఉద్యోగం, పగలూ రాత్రీ ఫోను చూసే మనిషి. ఈ పాట నాకు తెలుసు అన్నాడు. ఫోను నొక్కి అందరికీ చూపించాడు. వాన. నల్లబట్టల జనం. ఒక ఫాదరు. ఒక ముసలాయన. మేకులు కొట్టిన పొడుగాటి పెట్టె బండి మీద పెడుతున్నారు. వెనకాల మా పాట.

ఇక చెప్పేదేముంది. ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. పెళ్లికొడుకు తండ్రి పిల్లని కారు దిగమన్నాడు. శవం పాటతో గడప దాటిన పిల్లని మా గడప ఎలా తొక్కనిస్తాం, శాంతి చేయించి మంచిరోజు చూసి మీరే దింపండి, మేం పోతున్నాం అన్నాడు. అలా కారు దాకా వచ్చి ఆగిపోయిన పిల్లని ఊరు ఊరుకుంటుందా? జన్మంతా చెప్పుకుంటుంది. బియ్యం వ్యాపారి వియ్యంకుడి ముందు చేతులు జోడించి బతిమాలుతున్నాడు. ఎవడో మా పెద్ద డ్రమ్ము తన్నాడు, చర్మం చిరిగింది. నా కాలర్ మీద ఎవడి చెయ్యో పడింది. వాడు నాలుగు పీకినా బాగుణ్ణనిపించింది. తెలిసి వాయించినవాణ్ణి నేను. ఆ పిల్ల నావైపే చూస్తోంది.

సావుకారు పందిట్లో తన కొట్టులో కొన్న సారె సామాను పక్కన కుర్చీ వేసుకుని ఉన్నాడు. బిందెలకి సొట్టలు పడకుండా బండెక్కించేదాకా అక్కణ్ణించి కదలడు. లేచి వచ్చి ఫోను అడిగి తీసుకున్నాడు. మళ్లీ మొదట్నించీ పెట్టమన్నాడు. జనం అరుస్తుంటే వేలు పైకెత్తాడు. మా ఊరివాళ్లకి ఆ వేలు అలవాటే కదా, టక్కున నోళ్లు మూసుకున్నారు. వాళ్లని చూసి ఆమదాలవలస వాళ్లూ మూశారు. పూర్తిగా చూశాడు. సౌండు బాగోలేదు అన్నాడు. తరవాత ఆ అక్క మొగుణ్ణి అడిగాడు.

"ఈ సినిమా అంతా సూసినావా?"

లేదన్నాడతను.

"నాను ఎన్నిసార్లు సూసినానో నాకే తెల్దు. అది శవం అని ఎవుడు సెప్పినాడు నీకు? అది సారె పెట్టె."

నా కాలర్ మీది చెయ్యి వదులైంది.

"ఆళ్ల దేశంలో పిల్లని అత్తోరింటికి పంపినప్పుడు సారె అలగ పెట్టెలో పెట్టి, దారిలో దొంగలు తియ్యకుండా మేకులు కొట్టీసి, బండి మీద పంపుతారు. పిల్ల ముందే ఎల్లిపోనాది. ఆ ముసలోడు తండ్రి."

అందరూ నల్లబట్టలేటి అని ఎవరో అడిగారు. ఆళ్లకి నలుపే శుభం, తెలుపు కడితేనే కీడు అన్నాడు. మరి ఆ ఫాదరు అన్నాడు అక్క మొగుడు, గొంతులో పట్టు తగ్గింది. పంతులు లేకుండా అప్పగింతలు జరుగుతాయేటి మీ ఇంట్లో అని ఎదురడిగాడు సావుకారు. పెళ్లికొడుకు తండ్రి కాసేపు గెడ్డం గోక్కుని, అంత పొడుగు పెట్టెలో సారె ఏం పెట్టారండీ అని అడిగాడు. గంగాళాలు రెండు, బిందెలు అయిదు, పిల్లకి ఓ మరచెంబు అని తడుముకోకుండా చెప్పాడు సావుకారు. వియ్యంకుడికి మనం తక్కువ పెట్టామేమోనని అటు బియ్యం వ్యాపారి మొహం వాడిపోయింది. అయిదు నిమిషాల్లో కారు కదిలింది.

తెలియంది తెల్దని చెప్పే మనిషని ఊరంతటికీ తెలుసు. అందుకే ఒక్కడు కూడా అనుమానపడలేదు. వేరే ఎవరు ఆ మాట చెప్పినా తన్ని పంపేవారు.

మర్నాడు కొబ్బరి లడ్డూలు పట్టుకుని వెళ్లాను. మొహం తిప్పుకున్నాడు. వారం రోజులు రెండింటికి కొట్టు మూసి లోపలికెళ్లి, టీవీ పెట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడట. సావుకారమ్మకే దిగులు పుట్టి, పోనీ ఆ ముసలిదాన్నైనా పెట్టుకోరాదా అని బతిమాలిందట. దీనికి తోడు ఆ వారంలోనే ఇద్దరొచ్చి, ఇటలీ సారె పెట్టె మీ దగ్గర దొరుకుతుందా అని అడిగి వెళ్లారు. ఆ రెండోవాడు వెళ్లిన సాయంత్రం ఆయనకి జ్వరం తగిలింది.

"ఒక్కడైనా నిజమేనా అని అడగనేదురా," అన్నాడు చూడ్డానికి వెళ్లిన నాతో. "అందరూ నమ్మీసినారు. ఆ ముసలోడు సచ్చిన కూతుర్ని బండెక్కిస్తంటే, నాను గంగాళాలని సెప్పినాను." కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎప్పుడో ఏ దేశంలోనో సినిమాలో కూతురు పోయిన మనిషి కోసం. నాకు నవ్వొచ్చింది, తరవాత సిగ్గేసింది. కాసేపటికి, రేపు రెండింటికి రా, నా నోట అబద్ధమాడించిన సినిమా ఏటో నువ్వు సూడాల అన్నాడు.

వెళ్లాను. అన్నేళ్లుగా ఆ పాట మీద బతికానే గానీ ఆ సినిమా మొహం చూడలేదు. చాలా నెమ్మది సినిమా. రెండుసార్లు కునుకు పట్టింది, రెండుసార్లూ విసనకర్ర కాడతో పొడిచాడు. చివరికి ఆ సీను వచ్చింది. ఫోనులో కనపడనివి టీవీలో కనపడ్డాయి. ఆ తండ్రి అసలు ఏడవడం లేదు. వాన పడుతోందని తన కోటు విప్పి పెట్టె మీద కప్పాడు. చుట్టూ తిరిగి తాళ్లు లాగి చూశాడు. తరవాత ముందుకెళ్లి, బండివాడి మోకాలి మీద చెయ్యి వేసి, తలెత్తి ఏదో అన్నాడు. బండి కదిలింది. అప్పుడు లేస్తుంది ఆ ఆడమనిషి గొంతు.

"ఏటన్నాడో తెల్దు," అన్నాడు సావుకారు.

"నాకు తెల్సు బాబూ," అన్నాను.

కోపంగా తిరిగాడు. ఇంకో అబద్ధం మొదలెట్టావా అన్నట్టు చూశాడు. నేను చెప్పాను. ముప్పయ్యేళ్లుగా పెళ్లికూతుళ్ల కార్ల వెనకాల నిలబడి ఊదుతున్నాను. వ్యాపారస్తుల్ని చూశాను, రైతుల్ని చూశాను, సముద్రం ఒడ్డున పడవలవాళ్ల పెళ్లిళ్లు చూశాను. వియ్యంకుడితో కొట్లాడినవాళ్లనీ, తాగి నిలబడలేనివాళ్లనీ చూశాను. అందరూ ఏడుస్తుంటారు, తండ్రి మాత్రం డిక్కీ సరిగ్గా పడిందో లేదో నొక్కి చూస్తాడు. ఆఖర్న డ్రైవరు వైపుకి వెళ్లి, కిటికీలో చెయ్యి పెట్టి ఒకటే మాట అంటాడు. వేరే మాట అన్న తండ్రిని నేను ఇంతవరకూ చూడలేదు.

"నెమ్మదిగా తోలు నాయినా, అన్నాడు బాబూ."

సావుకారు కేసెట్టు వెనక్కి తిప్పాడు. ఆ ముసలాయన పెదాలు కదిలే చోటు చూశాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ చూశాడు. గ్లాసులు తీయడానికొచ్చిన సావుకారమ్మ గుమ్మంలోనే ఆగిపోయి తనూ చూసింది.

"అప్పగింతలేరా అది," అన్నాడు సావుకారు. "ఇన్నేళ్లూ సూసినాను. నాకు తెలవనేదు."